బెంథామ్, గంప కింద పుంజు

మా హాస్టల్ మెస్‌లో ఆదివారం మధ్యాహ్నం చికెన్. ఆ పూట ఎవరూ లేటుగా రారు, నేనూ రాను. పోయిన సెమిస్టర్‌లో ఎథిక్స్ సబ్జెక్టుకి సెమినార్లు ఇవ్వమన్నారు. చీటీలు వేస్తే నాకొచ్చిన పేరు జెరెమీ బెంథామ్. పది స్లైడ్లు చేసి చేతులు దులుపుకుందామనుకున్నా. కానీ ఆయన రాసిన ఒక ఫుట్‌నోట్ నన్ను అంత తేలిగ్గా వదల్లేదు.

బెంథామ్ 1748లో లండన్‌లో పుట్టాడు. తండ్రి లాయరు. కొడుకు న్యాయవ్యవస్థలో అందరికన్నా పై కుర్చీలో కూర్చోవాలని ఆయన ఆశ. పిల్లవాడు కూడా అలాంటివాడే. పన్నెండేళ్ళకి ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు, అంటే మనం ఏడో క్లాసులో ఉండే వయసు. 1769లో లాయరుగా అర్హత వచ్చింది గానీ, కోర్టులో వాదించడం మీద మనసు నిలవలేదు. ఉన్న చట్టాన్ని వాడుకోవడం కంటే, అది అలా ఎందుకుంది, ఎలా ఉండాలి అన్నదే ఆయన ధ్యాస. 1776లో తన పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన పుస్తకంలో, ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో తాను పాఠం విన్న బ్లాక్‌స్టోన్ పండితుడినే ఉతికి ఆరేశాడు.

ఆయన పట్టుకున్న కొలబద్ద ఒక్కటే. ఒక పని వల్ల సుఖం ఎంత పెరిగింది, బాధ ఎంత తగ్గింది? మనం మ్యాథ్స్‌లో రోజూ వాడే మాక్సిమైజ్, మినిమైజ్ అనే మాటల్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయనేనని తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. తమ్ముడు శామ్యూల్ ఇంజనీరు, రష్యాలో పనిచేసేవాడు. అతని దగ్గరికి వెళ్ళినప్పుడే, ఒక్క కాపలాదారు అందరినీ గమనించగలిగే గుండ్రటి జైలు ఆలోచన అందుకున్నాడు. దానికి పనాప్టికాన్ అని పేరు పెట్టి, ఏళ్ళ తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. అది కట్టలేదు. చివరికి 1813లో 23,000 పౌండ్ల పరిహారం మాత్రం ఇచ్చారు.

ఇక ఆ ఫుట్‌నోట్ సంగతి. నీతి, శాసనాల మూలసూత్రాల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1780లో అచ్చయి, 1789లో బయటికొచ్చింది. అందులో పదిహేడో అధ్యాయంలో, పేజీ అడుగున, జంతువుల గురించి కొన్ని వాక్యాలున్నాయి. చర్మం నల్లగా ఉన్నంత మాత్రాన మనిషిని హింసించేవాడి చేతికి వదిలేయకూడదని ఫ్రెంచివాళ్ళు అప్పటికే గ్రహించారట. అలాగే కాళ్ళ సంఖ్యా, తోకా కూడా కారణాలు కాలేని రోజు రావచ్చని ఆయన ఆశ. మరి గీత ఎక్కడ గీయాలి? తెలివి దగ్గరా, మాట దగ్గరా? అలాగైతే రోజుల బిడ్డ కంటే, నెల బిడ్డ కంటే ఎదిగిన గుర్రానికో కుక్కకో తెలివెక్కువ కదా అంటాడు. కాబట్టి అడగాల్సింది తెలివి గురించీ మాట గురించీ కాదు, ఆ జీవికి బాధ తెలుస్తుందా లేదా అన్నదొక్కటే.

సెమినార్లలో అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నేనూ ఆపేసేవాణ్ణే. కానీ అదే ఫుట్‌నోట్ మొదటి సగంలో బెంథామ్ మాంసం తినడాన్ని సమర్థించాడు. మనలాగా జంతువులు రాబోయే కష్టాన్ని తలచుకుని కుమిలిపోవు, మన చేతిలో వాటికొచ్చే చావు సాధారణంగా ప్రకృతిలో వచ్చే చావు కంటే త్వరగా, తక్కువ బాధతో ముగుస్తుంది, చచ్చాక వాటికి పోయేదేమీ లేదు అన్నది ఆయన లెక్క. చంపవచ్చు గానీ హింసించకూడదు. ఆయన మాంసాహారే.

అది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. పండక్కి ముందురోజు సాయంత్రం పుంజుని పట్టి గంప కింద మూస్తారు. ఆ రాత్రి నేను పక్కనే మంచం మీద పడుకున్నా. తెల్లవారుజామున అది ఎప్పటిలాగే కూసింది. ఇంకో రెండు గంటల్లో మామయ్య కత్తి తెస్తాడని దానికి తెలీదు, నాకు తెలుసు. బెంథామ్ చెప్పిన ఊరట అదే, దానికి తెలియకపోవడం. ఆ పూట నేను రెండుసార్లు వడ్డించుకున్నా కూడా.

సెమినార్‌లో ఇదంతా చెప్పాక మా రూమ్మేట్ లేచాడు. రోజుల బిడ్డకి కూడా రేపంటే తెలీదు కదరా, మరి ఆ లెక్క అక్కడెందుకు పనికిరాదు అన్నాడు. బిడ్డకి తల్లీతండ్రీ ఉంటారు, పెరిగి పెద్దవుతుంది అని ఏదో చెప్పి కూర్చున్నా. అవి మంచి కారణాలే. కానీ అవి ఆ ఫుట్‌నోట్‌లో లేవు. తెలివిని కొలబద్ద కాదని వీధి గుమ్మంలోంచి పంపించిన బెంథామే, రేపటి ఎరుక పేరుతో దాన్ని దొడ్డిగుమ్మంలోంచి లోపలికి తెచ్చుకున్నాడని అప్పుడు అర్థమైంది.

ఆ ఎరుకను కొలిచే ప్రయత్నాలు తర్వాత చాలా జరిగాయి. 1970లో గాలప్ అనే శాస్త్రవేత్త చింపాంజీల ముఖాన రంగు పెట్టి అద్దం ముందు ఉంచాడు. అవి అద్దంలో చూసుకుని తమ ముఖం మీది రంగునే తడుముకున్నాయి. కానీ ఆ పరీక్షలో తప్పిన జంతువుకి కాలు విరిగితే నొప్పి తగ్గుతుందా? తగ్గదు. బాధ విషయంలో బెంథామ్ చెప్పింది ఇప్పటికీ నిలబడుతుంది. 1960లో మన దేశం చేసిన జంతుహింస నిరోధక చట్టం కూడా దాదాపు ఆయన గీసిన గీత మీదే నిలబడింది. తిండి కోసం చంపడం నేరం కాదు, అనవసరంగా బాధపెడితే నేరం.

పుస్తకాల మనిషే అయినా ఆయనకు జంతువులంటే ప్రాణం. ఒక పిల్లిని పెంచి, దానికి సర్ బిరుదు తగిలించి, అది పెద్దదయ్యాక మతగురువు హోదా కూడా ఇచ్చాడు. ఎలుకలు ఒళ్ళోకెక్కి రొట్టె ముక్కలు తింటుంటే సంబరపడేవాడు. పిల్లినీ ఎలుకనీ కలిపి ప్రేమించడమే కాస్త కష్టమైందని ఒప్పుకున్నాడు.

1832 జూన్ 6న, 84 ఏళ్ళ వయసులో పోయాడు. తన శవాన్ని కోసి వైద్యులు పాఠం నేర్చుకోవాలనీ, తర్వాత ఎముకలకి తన బట్టలే తొడిగి కూర్చోబెట్టాలనీ వీలునామా రాశాడు. అలాగే చేశారు. మైనపు తలతో ఆయన ఇప్పటికీ లండన్ యూనివర్సిటీ కాలేజీలో అద్దాల పెట్టెలో కూర్చునే ఉన్నాడు. చచ్చాక పోయేదేమీ లేదని కోడి విషయంలో రాసిన మాటకి తన శరీరాన్నీ మినహాయించుకోలేదు. అందుకు ఆయనంటే గౌరవం. కాకపోతే ఆయన తన చావుని ఆలస్యంగానే రానిచ్చాడు, వీలునామా మీద సంతకం తనే పెట్టాడు. పుంజుకి ఆ రెండూ లేవు.

మరి నేనేం చేశానంటారా? మా మెస్‌కి వచ్చే కోళ్ళు ఎలా పెరిగాయో, ఎలా వచ్చాయో నాకు తెలీదు. కాళ్ళు కట్టేసి బండి హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసుకుని పోవడం మాత్రం దారిలో చూస్తూనే ఉంటా. త్వరగా, తక్కువ బాధతో అన్న బెంథామ్ షరతు అక్కడే తప్పింది. అందుకే మూడు నెలలుగా ఆదివారాలు పప్పు, పెరుగుతోనే కానిచ్చేస్తున్నా. అమ్మమ్మ పుంజు సంగతి అంత సులువు కాదు. అది వాకిట్లో హాయిగా తిరిగింది, ఒక్క వేటుతో పోయింది, షరతులన్నీ నెరవేరాయి. అయినా ఆ తెల్లవారుజాము కూత చెవుల్లోంచి పోవట్లేదు. ఈ సంక్రాంతికి ఊరెళ్తున్నా. అమ్మమ్మ విస్తరి ముందు కూర్చోబెట్టాక నా లెక్క ఏమవుతుందో చూడాలి.