సూక్ష్మలోక ద్రష్ట - లీవెన్‌హుక్

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కీర్తి గడించినవారిలో పెక్కుమంది విశ్వవిద్యాలయాలలో శిక్షణ పొందిన పండితులు. అట్టి పండితులకు సైతం కానరాని ఒక లోకాన్ని, ఏ పట్టమూ లేని ఒక బట్టల వ్యాపారి తాను స్వయంగా తయారుచేసుకున్న చిన్న గాజుకటకం సాయంతో దర్శించాడు. ఆయనే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. బాక్టీరియాను మొట్టమొదట చూసినవాడుగా ఆయన లోకప్రసిద్ధుడు. ఆ బాక్టీరియా గుంపులుగా చేరి, ఒక పొర మాటున కోట కట్టుకొని జీవిస్తుందన్న సత్యానికి తొలి ఆనవాలును కనుగొన్నవాడు కూడా ఆయనే.

లీవెన్‌హుక్ 1632 అక్టోబరు 24న హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి బుట్టలు అల్లి జీవించేవాడు. పసితనంలోనే పితృవియోగం కలిగింది. 16వ ఏట ఆమ్‌స్టర్‌డామ్ నగరం చేరి ఒక బట్టల వ్యాపారి వద్ద పని నేర్చుకున్నాడు. 1654లో స్వస్థలానికి తిరిగివచ్చి, వివాహమాడి, సొంత దుకాణం తెరిచాడు. 1660లో పట్టణ సభాభవన సంరక్షకుడిగా ఉద్యోగం లభించింది. సంసారంలో మాత్రం ఆయనకు దుఃఖమే ఎక్కువ. ఐదుగురు సంతానంలో మరియా అనే కుమార్తె ఒక్కతే బతికింది. 1666లో భార్య కూడా మరణించింది.

ఆ రోజులలో బట్టల వర్తకులు నేత నాణ్యతను పరిశీలించడానికి భూతద్దాన్ని ఉపయోగించేవారు. లీవెన్‌హుక్ కౌతూహలం అంతటితో ఆగలేదు. ఆయన ఆవగింజంత కటకాలను తయారుచేసి, రెండు చిన్న లోహపు రేకుల నడుమ బిగించేవాడు. పరిశీలించవలసిన వస్తువును ఒక సూదిమొన పై నిలిపి, ఆ పరికరాన్ని కంటికి దగ్గరగా పట్టుకొని వెలుతురు వైపు చూసేవాడు. చూడటానికి ఆటవస్తువు వలె ఉండే ఆ సూక్ష్మదర్శినులలో కొన్ని, వస్తువును 200 రెట్లకు పైగా పెద్దదిగా చూపగలిగేవి.

1673లో డెల్ఫ్ట్‌లోనే నివసించే రెగ్నియర్ డి గ్రాఫ్ అనే వైద్యుడు లీవెన్‌హుక్‌ను లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ ద్వారా పరిచయం చేశాడు. నాటి పండితభాష లాటిన్. లీవెన్‌హుక్‌కు మాతృభాషయైన డచ్చి తప్ప మరొక భాష రాదు. అయినా ఆయన వెనుదీయలేదు. తాను చూసినది చూసినట్లుగా మాతృభాషలోనే లేఖలు రాయసాగాడు. మిరియాలకు ఆ ఘాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోగోరి వాటిని నీటిలో నానబెట్టి పరిశీలించినప్పుడు, అందులో అత్యంత సూక్ష్మమైన ప్రాణులు కదలాడుతూ కనిపించాయి. 1676 అక్టోబరులో ఆ సంగతిని సొసైటీకి తెలియజేశాడు.

ప్రత్యక్షానికి ప్రమాణం అక్కరలేదంటారు. కాని ఒకరికి మాత్రమే ప్రత్యక్షమైనదానిని లోకం సులభంగా అంగీకరించదు. లండన్ పండితులు సందేహించారు. లీవెన్‌హుక్ కోపగించుకోలేదు. మతాచార్యులు మొదలైన ఎనిమిదిమంది పెద్దలకు తన సూక్ష్మదర్శినిలో ఆ ప్రాణులను చూపించి, వారి సాక్ష్యపత్రాలను 1677లో సొసైటీకి పంపాడు. అదే సంవత్సరం నవంబరులో రాబర్ట్ హుక్ ఆ ప్రయోగాన్ని లండన్‌లో చేసి చూపడంతో సందేహాలు తొలగిపోయాయి. 1680లో రాయల్ సొసైటీ లీవెన్‌హుక్‌ను తన సభ్యునిగా ఎన్నుకొన్నది.

1683 సెప్టెంబరులో ఆయన రాసిన లేఖ మరింత విలువైనది. ఈసారి పరిశోధనాక్షేత్రం ఆయన నోరే! లీవెన్‌హుక్ ప్రతిదినం ఉప్పుతో పళ్ళు తోముకొని, గుడ్డతో రుద్దుకొనేవాడు. అయినప్పటికీ పళ్ళ సందులలో కొంత తెల్లని పాచి మిగిలి ఉండటం గమనించాడు. దానిని వాననీటితో కలిపి చూడగా, రకరకాల ఆకారాలలో సూక్ష్మప్రాణులు చురుకుగా సంచరిస్తున్నాయి. ఒక దేశంలోని ప్రజలకంటె తన నోటిలోని ప్రాణులే ఎక్కువ సంఖ్యలో ఉన్నాయని ఆయన అంచనా వేశాడు.

చూసి ఆశ్చర్యపోవడంతో ఆయన ఆగిపోలేదు. ఘాటైన వెనిగర్‌తో నోరు బాగా పుక్కిలించి, మళ్ళీ పాచిని తీసి పరిశీలించాడు. ప్రాణులు ఇంకా అసంఖ్యాకంగా ఉన్నాయి. తరువాత ఆ పాచిని నీటిలో విడదీసి, అందులో కొద్దిగా వెనిగర్ కలిపాడు. వెంటనే ప్రాణులన్నీ మరణించాయి. అదే వెనిగర్, అవే ప్రాణులు. ఫలితాలు మాత్రం వేరు! పుక్కిలించిన వెనిగర్ పాచి పైభాగంలోని ప్రాణులను మాత్రమే చంపిందని, లోపలి వరకు చొచ్చుకొని పోలేదని ఆయన నిర్ధారించాడు. ఆ రక్షణ ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి లోకం దాదాపు 300 సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చింది.

ఆ పాచినే నేటి శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్, అనగా జీవపొర అంటున్నారు. 1978లో విలియం కాస్టర్టన్, ఆయన సహచరులు బాక్టీరియా ఉపరితలాలకు అంటుకొని జీవించే తీరును లోకానికి విశదపరిచారు. ఈ పొర యాదృచ్ఛికంగా ఏర్పడేది కాదు. దాని నిర్మాణాన్ని బాక్టీరియాయే నియంత్రిస్తుంది. నీటిలో ఈదే బాక్టీరియా అనువైన తలాన్ని తాకినప్పుడు, అనేక జాతులలో కణంలోపల ఒక సంకేత రసాయనం పెరుగుతుంది. దాని ప్రభావంతో ఈదడం మాని అక్కడే స్థిరపడుతుంది. పిదప చక్కెర పదార్థాలతో, మాంసకృత్తులతో కూడిన జిగురును స్రవించి తన చుట్టూ కప్పుకొంటుంది. బాక్టీరియా కణాలు కొన్ని రసాయనాలను వెలుపలికి కూడా విడుదల చేస్తాయి. గుంపు పెరిగేకొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది. తమ సంఖ్య తగినంత అయినదని ఆ సాంద్రతను బట్టి గ్రహించి, కణాలన్నీ ఒక్కటిగా ప్రవర్తిస్తాయి. ఆహారం కొరవడినప్పుడు కొన్ని కణాలు జిగురును కరిగించుకొని, మరొక చోటు వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి.

పళ్ళపై నివసించే ఒక రకం బాక్టీరియా మనం తినే చక్కెరనే జిగురుగా మార్చుకొంటుంది. అదే చక్కెర నుండి ఆమ్లాన్ని పుట్టించి పంటిని తొలిచివేస్తుంది. ఈ విషయం పంటితో ముగిసేది కాదు. రోగి శరీరంలో అమర్చిన మూత్రనాళపు గొట్టాలపై, కృత్రిమ కీళ్ళపై, గుండె కవాటాలపై కూడా ఇటువంటి పొరలు ఏర్పడుతాయి. జిగురు మందును లోపలికి సులభంగా పోనివ్వదు. పొర అడుగున మందకొడిగా జీవించే కణాలపై అనేక ఔషధాలు సరిగా పనిచేయవు. అందువలన విడి బాక్టీరియాను చంపగల మందు గుంపు ముందు ఓడిపోతుంది. కొన్ని సందర్భాలలో అమర్చిన పరికరాన్నే తొలగించవలసి వస్తుంది. వెనిగర్‌తో లీవెన్‌హుక్‌కు ఎదురైన చిక్కే నేటి వైద్యులకు ప్రాణసమస్యగా పరిణమించింది.

లీవెన్‌హుక్ కీర్తి దేశాంతరాలకు వ్యాపించింది. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ సైతం ఆయనను కలుసుకొని సూక్ష్మదర్శినిలో చూసి ఆనందించాడు. ఇంతటి విజ్ఞానిలో ఒక లోపం లేకపోలేదు. తాను చూసినదానిని నిస్సంకోచంగా లోకానికి వెల్లడించిన ఆయన, చూసే ఉపాయాన్ని మాత్రం దాచుకొన్నాడు. ఉత్తమ కటకాల తయారీ విధానాన్ని ఎవరికీ నేర్పలేదు. ఆయనతో పాటు ఆ విద్య కూడా మరుగున పడింది. బాక్టీరియా పరిశోధన చాలాకాలం మందగించడానికి ఇది ఒక కారణం. 2021లో శాస్త్రజ్ఞులు ఆయన సూక్ష్మదర్శినులను విప్పకుండానే న్యూట్రాన్ కిరణాలతో పరీక్షించి, వాటిలో ఒకదాని కటకం గాజును కరిగించి చేసిన పూస అని కనుగొన్నారు.

వార్ధక్యం ఆయన జిజ్ఞాసను తగ్గించలేదు. చివరి రోజులలో తనను పీడించిన వ్యాధి లక్షణాలను సైతం శ్రద్ధగా గమనించి సొసైటీకి తెలియజేశాడు. 1723 ఆగస్టు 26న, 90 సంవత్సరాల వయస్సులో డెల్ఫ్ట్‌లోనే కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు 26 వెండి సూక్ష్మదర్శినులు రాయల్ సొసైటీకి చేరాయి. కాలక్రమంలో అవి కనిపించకుండా పోయాయి. లేఖలు మాత్రం నిలిచాయి. పాండిత్యం లేదన్న సంకోచంతో ఆయన మౌనం వహించి ఉంటే ఆ లేఖలు ఉండేవి కావు. చూసినదానిని పరీక్షించడం, ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్లు చెప్పడం, ఈ రెండు గుణాలే ఒక బట్టల వ్యాపారిని సూక్ష్మలోక ద్రష్టగా నిలిపాయి.