ఎలినార్ క్లార్క్ స్లాగిల్

ఎలినార్ క్లార్క్ స్లాగిల్ (1870 - సెప్టెంబరు 18, 1942) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సంఘసేవకురాలు, ఆక్యుపేషనల్ థెరపీ (వృత్తి చికిత్స) వ్యవస్థాపకులలో ముఖ్యురాలు. ఇక్కడ వృత్తి అనగా ఉద్యోగము మాత్రమే కాదు. స్నానము, భోజనము, చేతిపని, ఆట మొదలుగా మనిషి దినచర్యను నింపే పనులన్నీ ఇందులోకి వస్తాయి.

జీవిత విశేషాలు

ఈమె న్యూయార్క్ రాష్ట్రంలోని హోబార్ట్ అనే గ్రామంలో జన్మించినది. రాబర్ట్ స్లాగిల్‌ను వివాహమాడినది కానీ తరువాత వారు విడిపోయారు. ఆ కాలంలో మానసిక వైద్యశాలలలో రోగులు ఏ పనీ లేకుండా ఏళ్ళ తరబడి కూర్చుని ఉండేవారు. వారి స్థితిని చూసి కలతచెందిన ఈమె, 1911లో షికాగోలో అటువంటి రోగులకు పనులు నేర్పే విధానముపై శిక్షణ పొందినది. అప్పటికి ఈమె వయస్సు నలభై దాటినది. పిమ్మట బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి చెందిన ఫిప్స్ క్లినిక్‌లో ప్రముఖ మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ వద్ద పనిచేసినది. 1915లో షికాగోలో ఫావిల్ పాఠశాలను నెలకొల్పి శిక్షకులను తయారుచేసినది.

1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో జార్జి బార్టన్, విలియం రష్ డంటన్ తదితరులతో కలసి ఈ వృత్తికి జాతీయ సంఘమును స్థాపించినది. అదే నేటి అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్. ఈమె దానికి అధ్యక్షురాలిగా, తరువాత 1937 వరకు కార్యదర్శిగా సేవలందించినది. 1937లో జరిగిన వీడ్కోలు సభకు నాటి అమెరికా అధ్యక్షుని సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ హాజరైనారు.

అలవాట్ల శిక్షణ

మేయర్ ఆలోచనల ఆధారంగా ఈమె అలవాట్ల శిక్షణ అనే పద్ధతిని అభివృద్ధిచేసినది. బాగుపడరని వదలివేసిన దీర్ఘకాలిక రోగులను చిన్న బృందాలుగా చేసి, నిద్ర లేచినది మొదలు పడుకునేవరకు కాలపట్టిక ప్రకారము పళ్ళు తోముకొనుట, దుస్తులు ధరించుట, నడక, చేతిపని, ఆటలు చేయించేవారు. పని, విశ్రాంతి, ఆట, నిద్ర సమతూకంలో ఉంటేనే మనిషి కుదుటపడతాడనేది దీని మూలసూత్రము. 1922 నుండి ఈమె న్యూయార్క్ రాష్ట్ర మానసిక వైద్యశాలలలో ఈ సేవలకు నాయకత్వము వహించినది.

డిమెన్షియా సంరక్షణలో

స్లాగిల్ పద్ధతి డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) కొరకు ఏర్పడినది కాదు. అయితే అల్జీమర్స్ వ్యాధిలో ఇటీవలి సంఘటనలు త్వరగా మరపుకు వచ్చినా, చేతికి అలవాటైన పనులు చాలాకాలము నిలచి ఉండవచ్చును. అందువలన దుస్తులను తొడుక్కునే వరుసలో పేర్చి ఉంచుట, ఒక పనిని చిన్న మెట్లుగా విడదీయుట, నిత్యము ఒకే సమయాన ఒకే పని చేయించుట, ఇంటిలో సంరక్షించేవారికి మెళకువలు నేర్పుట నేటి థెరపిస్టుల పనిలో భాగములు. నాడు కాలపట్టికను ఆసుపత్రి నిర్ణయించేది. నేడు ఆ వ్యక్తి గతజీవితము, ఇష్టాయిష్టాలే పనుల ఎంపికకు ఆధారము. వ్యాధి నయము కాకపోయినా, మిగిలిన శక్తిని కాపాడి, ఎదుటివారిపై ఆధారపడుటను ఆలస్యము చేయుటయే లక్ష్యము.

గుర్తింపు

అమెరికా సంఘము ఈమె పేరిట స్మారకోపన్యాసములను నిర్వహిస్తున్నది. ఈ రంగములో ఇది అత్యున్నత గౌరవాలలో ఒకటి. భారతదేశములో ఈ విద్య 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ కృషితో ప్రారంభమైనది.