మూసారాం నేర్పిన కవాతు

మూసాపేట నుంచి నగరం దాటి అవతలికి పోతే మూసారాంబాగ్ వస్తుంది. ఆ మూసారాం ఈ దేశంవాడు కాడు; రేమాన్ అనే ఫ్రెంచి సేనాని. 1755లో ఫ్రాన్సులో పుట్టి, 1775లో పుదుచ్చేరి చేరాడు. హైదరాలీ వద్ద, తర్వాత బుస్సీ కింద పనిచేసి, 1786లో నిజాం అలీఖాన్ కొలువుకు వచ్చాడు.

మొదట 300 మందే. తుపాకులు కూడా అద్దెవే, ఒక్కొక్కటి నెలకు ఎనిమిదణాలు! ఆ దళమే చివరకు 14 వేలయింది. ఆనాటి కవాతు ఒట్టి నడక కాదు. మందు పోయడం, గుండు దట్టించడం, గురిపెట్టడం, పేల్చడం, ఇలా పనిని ముక్కలుగా విడదీసి, వరుస మొత్తం ఒక్క చేయిగా కదిలేదాకా చేయించేవారు. బడిలో ఎక్కాలు వల్లించినట్లే, కాకపోతే నోటితో కాదు, చేతులతో. మన వృత్తి విద్యాలయాలు గమనించదగిన పద్ధతి.

1795లో ఖర్దా వద్ద నిజాం వెనుదిరిగినా, ఆజ్ఞ అందేదాకా రేమాన్ పటాలాలు నిలిచి పోరాడాయి. 1798 మార్చి 25న ఆయన మరణించాడు. ఏడు నెలలు తిరగకముందే, అక్టోబరు 22న, ఇంగ్లీషువారు ఆ పటాలాల చేత ఆయుధాలు దింపించారు. బకాయి జీతాల కోసం సిపాయిలు అప్పటికే తమ అధికారులపై తిరగబడి ఉన్నారు. ఎంత కవాతు నేర్పితేనేం, కడుపు నిండనిదే ఎవరు నిలబడతారు?

మలక్‌పేట దగ్గర గుట్టమీద ఆయన సమాధి ఉంది. హిందువులు మూసారాం అని, ముస్లింలు మూసా రహీం అని పిలుచుకున్నారు. 2001లో వానలకు అక్కడి మండపం కూలిపోతే తిరిగి కట్టారు.