బంగారు తాళంచెవి బాధ్యత – పాల్ రోబ్సన్

పాల్ రోబ్సన్ పేరు వినగానే మన తరం వారికి గుర్తుకు వచ్చేది మిసిసిపీ నదిపై ఆయన పాడిన పాట, ఆ గంభీరమైన కంఠం. ఆ నల్లజాతి గాయకుడు అమెరికా కళాశాలలో అత్యున్నత గౌరవాలు పొందిన విద్యార్థి అన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ దేశంలో ప్రతిభావంతులైన విద్యార్థులను ఎంపిక చేసి సభ్యత్వమిచ్చే గౌరవ సంఘాలు ఉన్నాయి. వాటిలో మొదటిది ఫై బీటా కప్పా. ఇది 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టింది. జ్ఞానంపై ప్రేమే జీవితానికి మార్గదర్శి అన్నది ఆ పేరులోని భావం. సభ్యులకిచ్చే చిహ్నం చిన్న బంగారు తాళంచెవి. రట్గర్స్ కళాశాలలో 1900లో ఏర్పడిన క్యాప్ అండ్ స్కల్ సంఘమైతే చదువుతోపాటు ఆటలు, కళలు, సేవ కూడా చూసి చివరి సంవత్సరం విద్యార్థులను ఎంచుకునేది. రోబ్సన్ ఈ రెండింటిలోనూ సభ్యులయ్యారు.

ఆయన 1898 ఏప్రిల్ 9న ప్రిన్స్‌టన్‌లో జన్మించారు. తండ్రి బాల్యంలో బానిస. పదిహేనో ఏట తప్పించుకుని వచ్చి, చదువుకుని, చర్చి బోధకులయ్యారు. ఆరేళ్లు నిండకముందే తల్లిని కోల్పోయిన రోబ్సన్ పోటీ పరీక్షలో నెగ్గి 1915లో స్కాలర్‌షిప్‌తో రట్గర్స్‌లో చేరారు. ఫుట్‌బాల్ జట్టులోకి రాకుండా తోటి ఆటగాళ్లే ఆయనను గాయపరిచారు. 1916లో ఒక జట్టు నల్లవాడితో ఆడబోమంటే కళాశాల ఆయనను పక్కన కూర్చోబెట్టింది. అయినా పట్టు వదలక జాతీయ స్థాయి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. 1919 స్నాతకోత్సవంలో తరగతి పక్షాన ప్రసంగిస్తూ, అందరికీ సమానావకాశాల కోసం పాటుపడమని సహాధ్యాయులను కోరారు.

ఆ మాట ఆయన మరువలేదు. 1923లో కొలంబియాలో లా పూర్తిచేసినా, వర్ణవివక్ష కారణంగా వకీలు వృత్తి వదిలి రంగస్థలం, సంగీతం చేపట్టారు. కీర్తి, ధనం వచ్చాయి. వాటితో తృప్తిపడక వేల్స్ గని కార్మికుల కోసం, స్పెయిన్‌లో ఫాసిజంతో పోరాడేవారి కోసం పాడారు. భారత స్వాతంత్ర్యాన్ని సమర్థించారు; నెహ్రూ గారికి మిత్రులు. న్యూయార్క్‌లో ఆయనను కలిసిన భూపేన్ హజారికా ఆ నది పాట స్ఫూర్తితోనే బ్రహ్మపుత్రపై తన ప్రసిద్ధ గీతం రచించారు.

సోవియట్ యూనియన్‌పై ఆయన అభిమానం, నిక్కచ్చి మాటలు ప్రభుత్వానికి రుచించలేదు. 1950లో పాస్‌పోర్టు రద్దయింది. కచేరీలు ఆగిపోయి, ఆదాయం పడిపోయింది. తాను కమ్యూనిస్టును కానని సంతకం చేస్తే పాస్‌పోర్టు దొరికేదే. రాజకీయ విశ్వాసాలు అడిగే హక్కు ప్రభుత్వానికి లేదంటూ నిరాకరించారు. 1957లో వేల్స్ గని కార్మికులకు సముద్రగర్భపు టెలిఫోను తీగ ద్వారానే పాట వినిపించారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు తీర్పుతో పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. అప్పటికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. చివరి సంవత్సరాలు అనారోగ్యంతో గడిపి, 1976 జనవరి 23న ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.

కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల జాబితాలో ఆయన పేరు 1995లో గాని చేరలేదు. పట్టభద్రుడైన నూరేళ్లకు, 2019లో, రట్గర్స్ తన ప్రాంగణంలో ఆయన పేరిట స్మారక స్థలం ప్రారంభించింది.

పదవీ విరమణనాడు మనకూ శాలువాలు, సన్మాన పత్రాలు అందాయి. అవి బీరువాలో భద్రంగా ఉన్నాయి. మనకు గౌరవం తెచ్చిన చదువు, అనుభవం మాత్రం బీరువాలో దాచుకోవలసినవి కావు. పక్కింటి పిల్లవాడికి పాఠం చెప్పడానికో, పెన్షను కాగితాలు రాసుకోలేని తోటి ఉద్యోగి భార్యకు సాయపడటానికో అవి ఈనాటికీ పనికివస్తాయి. రోబ్సన్ జీవితం మనకు గుర్తుచేసేది ఇదే.