తీరమును కొలిచిన టాపింగ్

ఓడల కథలు చదువువారికి పటము చెంతనున్న నావ పోవు దారి తెలియును. ఆ ఓడలు నడచిన కాలమున పటములో చిన్న తప్పు దొరలినను నావ ఇసుకతిప్పల పాలగుచుండెను.

మైకేల్ టాపింగ్ 18వ శతాబ్దపు ఆంగ్లేయుడు. ఈస్టిండియా కంపెనీ కొలువున కోరమండల తీరమును కొలిచెను. రేవుల స్థానము సరిగా నిర్ణయించుటకు గ్రహనక్షత్రములను పరిశీలింపవలయును. అందులకై ఆయన పూనికతో 1792లో మద్రాసున వేధశాల వెలసెను. 1794లో అచటనే సర్వే పాఠశాలను స్థాపించి, అనాథ బాలురకు ఆ విద్య గరపెను. గిండీ ఇంజనీరింగు కళాశాలకు అదియే మూలము.

కృష్ణా గోదావరుల నీటిని పొలములకు మళ్లించు మార్గములనుగూడ ఆయన పరిశోధించెను. 1796లో మచిలీపట్టణమున మరణించెను. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియగుట 1852లో గాని జరుగలేదు.

విద్యార్థులారా! మన పావగడకు సముద్రము దూరము. ఓడకథ చదువునపుడు పటము తెరచి మచిలీపట్టణమును వెదకుడు. టాపింగ్ శ్రమను స్మరింపుడు.