వై2కే కన్నా ముందున్న మనిషి: బాబ్ బెమర్

1998లో వై2కే పని మీద అమెరికాలో దిగాను. మనవాళ్లలో చాలామంది ఇళ్ల కథ అలాగే మొదలైంది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడమే రోజంతా పని. ఆ ముప్పు గురించి 1971లోనే హెచ్చరిస్తూ వ్యాసం రాసిన పెద్దాయన ఒకరున్నారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆయనే బాబ్ బెమర్.

బెమర్ 1920 ఫిబ్రవరి 8న మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. ఆల్బియన్ కాలేజీలో గణితం చదివి, విమానాల కంపెనీలో చేరి, అక్కడి నుంచి కంప్యూటర్ల వైపు వచ్చారు. 1950ల చివర్లో ఐబీఎంలో ఉండగా మార్మన్ చర్చి వంశవృక్షాల రికార్డులపై పనిచేశారు. తాతముత్తాతల తేదీలకు రెండంకెలు చాలవని ఆయనకు అక్కడే అర్థమైంది.

ఆయన చేసిన ఇంకా పెద్ద పని అక్షరాలది. కంప్యూటర్‌కి తెలిసింది సున్నా, ఒకటే. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుషులే ఒప్పందం చేసుకోవాలి. అప్పట్లో ఏ యంత్రం లెక్క దానిదే. 60కి పైగా పద్ధతులుండేవి. ఒకటి రాసింది ఇంకొకటి చదవలేదు. అందరికీ ఒకటే పద్ధతి కావాలని 1961లో బెమర్ ప్రతిపాదన పెట్టారు. 1963లో ఆస్కీ వచ్చింది. ఏడు బిట్లు, 128 స్థానాలు. ఇంగ్లిష్ పెద్ద ‘ఏ’కి 65. ప్రభుత్వం కొనే కంప్యూటర్లకు ఆస్కీ తెలిసి ఉండాలని 1968లో అధ్యక్షుడు జాన్సన్ ఆదేశించారు.

ఆ 128లో తెలుగుకి చోటు లేదు. అందుకే ఇంటికి మెయిల్ అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. తెనాలిలో అన్నయ్య నెట్ సెంటర్‌లో ప్రింటు తీసి అమ్మకి చదివి వినిపించేవాడు. 2001లో నా ఉద్యోగం పోయింది. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక మెయిల్‌లో రాశాను. అమ్మ బెంగపడుతుందని అన్నయ్య ఆ ముక్క దాటేసి చదివాడు. ఆరు నెలల తర్వాత ఎవరి నోటో విని, నా దగ్గర దాచావా అని అమ్మ బాధపడింది.

అయితే బెమర్ తలుపు మూసేయలేదు. ఎస్కేప్ అనే సంకేతాన్ని ఆస్కీలో పెట్టించింది ఆయనే. ఇక్కడి నుంచి వేరే అక్షరాలు వస్తాయని యంత్రానికి చెప్పడం దాని పని. తర్వాత దారి వేరైంది. 1991లో యూనికోడ్ తెలుగుకి కూడా 128 స్థానాలిచ్చింది. మరుసటి ఏడాది పుట్టిన యూటీఎఫ్-8లో ఆస్కీ అక్షరాలు ఒక్కో బైటుతో అలాగే ఉన్నాయి. మనవాటికి మూడేసి బైట్లు. ‘అమ్మ’ అంటే అ, మ, పొల్లు, ఇంకో మ: మొత్తం 12 బైట్లు.

బెమర్ 2004 జూన్ 22న టెక్సాస్‌లో, 84వ ఏట కన్నుమూశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు నేను తెలుగులో మొదటి మెయిల్ రాశాను. అన్నయ్య ప్రింటు తీసి అమ్మ చేతికే ఇచ్చాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని తనే చదువుకుంది.

ఈ వారాంతం మీ పిల్లల ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టండి. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో, నానమ్మకో వాళ్ల చేత ఒక్క ముక్క రాయించండి.