ఫిల్ కట్జ్

ఫిలిప్ వాల్టర్ కట్జ్ (నవంబరు 3, 1962 - ఏప్రిల్ 14, 2000) అమెరికాకు చెందిన కంప్యూటరు ప్రోగ్రామరు. ఫైళ్ళను కుదించి భద్రపరచే జిప్ రూపానికి సృష్టికర్తగా ప్రసిద్ధుడు.

జీవితం

ఇతడు విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం అభ్యసించి, 1986లో పీకేవేర్ సంస్థను స్థాపించాడు. అప్పట్లో వాడుకలో ఉన్న ఆర్క్ ఫైళ్ళను మరింత వేగంగా కుదించే ప్రోగ్రాము వ్రాయగా, ఆర్క్ రూపకర్తల సంస్థ 1988లో ఇతనిపై దావా వేసింది. రాజీ కుదిరిన పిమ్మట 1989లో జిప్ రూపాన్ని వెలువరించి, దాని వివరాలను అందరికీ అందుబాటులో ఉంచాడు. మద్యపాన వ్యసనం వలన ఆరోగ్యం క్షీణించి, 37వ ఏట మిల్వాకీలోని ఒక మోటెలు గదిలో మరణించాడు.

డిఫ్లేట్ పద్ధతి

1993లో విడుదలైన పీకేజిప్ 2.04 కూర్పులో కట్జ్ డిఫ్లేట్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇందులో మరల వచ్చిన అక్షరాల వరుసను తిరిగి వ్రాయక, అది ఎంత వెనుక ఉన్నదో, ఎంత పొడవున్నదో మాత్రమే సూచిస్తారు. ఆపైన హఫ్‌మన్ విధానంలో తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతాలు ఇస్తారు.

ప్రభావం

వివరాలు బహిరంగంగా ఉన్నందువలన జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ 1995లో జీలిబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైబ్రరీని వ్రాయగలిగారు. ఇతర ప్రోగ్రాములు దీనిని తమలో చేర్చుకొని ఉచితంగా వాడుకోవచ్చును. పీఎన్‌జీ చిత్రాలు డిఫ్లేట్ పద్ధతిలోనే కుదించబడతాయి. యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు పడతాయి; వాటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. కనుక తెలుగు పాఠానికి ఇటువంటి కుదింపు ఎంతో మేలు చేస్తుంది.